తాలీమ్ కళాశాలలో, తర్బియత్ ఎక్కడ?

ఏటా నీట్ ఫలితాలు వెలువడిన వారంలో మా వీధిలో ఒకటి రెండు ఇళ్ళ నుంచి మిఠాయి డబ్బా వస్తుంది. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని తండ్రి వస్తాడు. "మౌల్వీసాబ్, మావాడికి మెడిసిన్‌లో సీటు ఖాయమైంది, దుఆ చేయండి" అంటాడు. మేము సంతోషంగా చేతులెత్తి దుఆ చేస్తాం. ఈసారి అలా వచ్చిన ఒక అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "రోగికి చెడువార్త ఎలా చెప్పాలో నీకు ఎవరు నేర్పుతారు బేటా?" అని అడిగాం. అతను కాస్త ఆలోచించి, "అది సిలబస్‌లో ఉందో లేదో తెలియదు సార్" అన్నాడు. తండ్రి నవ్వేసి, "అదేమన్నా చదువా మౌల్వీసాబ్? ముందు డాక్టరు కానివ్వండి, మాటలు అవే వస్తాయి" అన్నాడు.

మాటలు వాటంతటవే రావని చెప్పడానికే ఈ శుక్రవారం కలం పట్టుకున్నాం.

మద్రసాలో మా ఉస్తాదులు రెండు మాటల మధ్య తేడాను పదేపదే చెప్పేవారు. తాలీమ్ అంటే విద్య నేర్పడం. తర్బియత్ అంటే మనిషిని తీర్చిదిద్దడం. వ్యాకరణం తప్పితే ఒక రోజులో దిద్దవచ్చు, తర్బియత్ తప్పితే దిద్దడానికి ఒక జీవితం చాలదు అనేవారు. వైద్యవిద్యకు ఈ తేడా ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. శరీర నిర్మాణం, మందుల గుణాలు, శస్త్రచికిత్స అన్నీ తాలీమ్. రోగి ఎదుట ఎలా నిలబడాలి, రహస్యాన్ని ఎలా దాచాలి, తప్పు జరిగితే ఎలా ఒప్పుకోవాలి, పేదవాడి ముందూ ధనికుడి ముందూ ఒకే గొంతుతో ఎలా మాట్లాడాలి అన్నది తర్బియత్. తాలీమ్ కళాశాలలో దొరుకుతుంది. తర్బియత్ ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లోంచి రాలేదు, మా ఇంట్లోంచే వచ్చింది.

మా ఇంట్లో జరిగింది

కొన్నేళ్ళ క్రితం మా పెద్ద ఆపాకు కడుపులో నొప్పి మొదలైంది. ఊళ్ళో మందులతో తగ్గక నగరంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక ఒక యువ డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాడు. మంచం మీద కూర్చున్న ఆపాను దాటి, వరండాలో నిలబడ్డ మగవాళ్ళ దగ్గరికి వచ్చాడు. మేము, మా బావగారు, మేనల్లుడు ఉన్నాం. జబ్బు కేన్సరని, ముదిరిందని మెల్లగా చెప్పాడు. మేము ముగ్గురం ఒకే మాట అన్నాం: "ఆమెకు మాత్రం చెప్పకండి." అతను తల ఊపి, "అలాగే సార్" అన్నాడు. ఆపరేషన్ కాగితం మీద బావగారు సంతకం చేశారు. ఆపా ఉర్దూ చదవగలదు, తెలుగు చదవగలదు. ఆ కాగితాన్ని ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. కీమో ఎక్కించేటప్పుడు బలానికి ఇంజెక్షన్లని చెప్పాం.

జుట్టు ఊడిపోవడం మొదలయ్యాక ఆపాకు అర్థమైంది. ఒక సాయంత్రం అసర్ నమాజు తర్వాత మమ్మల్ని పిలిచి, "నా దేహం గురించి వీధిలో వాళ్ళకు కూడా తెలుసు. నాకొక్కదానికే తెలియదు. నేనేమన్నా చిన్నపిల్లనా భాయ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆమెకు చేయవలసిన పనులు ఉన్నాయి. పొరుగింటామె దాచుకోమని ఇచ్చిన గొలుసు ఒకటి అమానత్‌గా ఆమె పెట్టెలో ఉంది. ఏళ్ళ తరబడి మాటలు లేని ఆడపడుచుతో మాఫీ చెప్పుకోవాలి. ఆ ఆడపడుచు ఉండే ఊరు నాలుగు గంటల ప్రయాణం. జబ్బు తెలిసిన మొదటి నెలలో ఆపా వెళ్ళి రాగలిగేది. తనకు తెలిసేనాటికి మంచం దిగే స్థితిలో లేదు. గొలుసు అందించాం. ఆడపడుచుకు కబురు పంపాం. ఆమె వచ్చేసరికి ఆపా మాట పడిపోయింది.

తప్పు ఎవరిది? చాలా రోజులు ఆ యువ డాక్టరు మీద కోపం పెట్టుకున్నాం. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, అతను తన పెద్దలు చేసినట్టే చేశాడు. ముఖ్యంగా మేము కోరినట్టే చేశాడు. రోగిని దాటి బంధువుల దగ్గరికి నడిచి వెళ్ళడం అతనికి ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. ఆ నడక నేర్పింది మనమే. మన ఇళ్ళలో ఆడవాళ్ళ విషయం మగవాళ్ళు మాట్లాడతారు, చిన్నవాళ్ళ విషయం పెద్దవాళ్ళు మాట్లాడతారు. ఆ ఇళ్ళలోనే పెరిగిన కుర్రవాడు తెల్లకోటు తొడుక్కోగానే మారిపోతాడా? వైద్యుడి వృత్తిధర్మం ఒక్క ప్రతిజ్ఞాపత్రం నుంచి పుట్టదు. ఇల్లు, వార్డు, రోగి బంధువులు, ఈ ముగ్గురు ఉస్తాదులు కలిసి దాన్ని తయారుచేస్తారు. కాబట్టి అందులో లోపం ఉంటే, దిద్దవలసిన చోట్లు కూడా ఈ మూడే.

పాత గ్రంథంలో కొత్త మాట

మన పూర్వీకులకు ఈ సంగతి తెలుసు. క్రీస్తుశకం 9వ శతాబ్దిలో రుహా పట్టణానికి చెందిన ఇస్‌హాఖ్ బిన్ అలీ అర్రుహావీ అనే వైద్యుడు 'అదబుత్తబీబ్' అనే గ్రంథం రాశాడు. రుహా అంటే నేటి తుర్కియేలోని ఉర్ఫా. ఆయన ఏ మతస్థుడన్న దానిపై పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి. గ్రంథం మాత్రం అరబీ వైద్య నీతిశాస్త్రంలో తొలి సమగ్ర రచనల్లో ఒకటిగా నిలిచింది. 1967లో అమెరికాలో దాని ఇంగ్లిషు అనువాదం అచ్చయింది. ఇరవై అధ్యాయాలున్న ఈ గ్రంథంలో మమ్మల్ని ఆలోచింపజేసినది ఒకటుంది. వైద్యుడి విశ్వాసం, అతని శరీర శుభ్రత, అతను మానుకోవలసిన పనులు, అతనికి పెట్టవలసిన పరీక్ష ఇవన్నీ ఉన్నాయి సరే. వాటితో పాటు రోగి ఎలా నడుచుకోవాలి, సేవకులు ఎలా ఉండాలి, పరామర్శకు వచ్చేవాళ్ళు ఏ మర్యాద పాటించాలి అన్నదానికీ అధ్యాయాలు కేటాయించాడు. అంటే, వైద్యుడికి అదబ్ నేర్పాలంటే అతని చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా నేర్పాలని వెయ్యేళ్ళకు పూర్వమే గ్రహించాడన్నమాట!

అదే శతాబ్దిలో బగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాఖ్ ఉండేవాడు. క్రైస్తవుడు, గొప్ప అనువాదకుడు, ఆస్థాన వైద్యుడు. ఖలీఫా ముతవక్కిల్ ఒకనాడు అతన్ని పిలిచి, శత్రువును చంపడానికి విషం తయారుచేయమన్నాడట. హునైన్ ఒప్పుకోలేదు. ఏడాది పాటు చెరలో ఉంచినా ఒప్పుకోలేదు. కారణమేమిటని అడిగితే రెండు విషయాలు చెప్పాడని చరిత్రకారులు రాశారు. శత్రువుకు కూడా మేలు చేయమని తన మతం చెబుతోంది, ప్రాణం తీసే మందు ఇవ్వనని తన వృత్తిలో ప్రమాణం చేసి ఉన్నాడు. ఇక్కడ గమనించవలసిందేమంటే, మతమూ వృత్తీ రెండూ అతనిలో ఒకే మాట పలికాయి. ఒకటి బయటి నుంచి తెచ్చి అతికించినది కాదు.

931వ సంవత్సరంలో బగ్దాదులో వైద్యం వికటించి ఒక రోగి చనిపోయాడు. ఖలీఫా ముఖ్తదిర్ వైద్యులందరికీ పరీక్ష పెట్టమని సినాన్ బిన్ సాబిత్‌ను ఆదేశించాడు. ఎనిమిది వందల అరవై మందికి పైగా పరీక్షకు వచ్చారని గ్రంథాలు చెబుతున్నాయి. తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు ఆ హానికి బాధ్యుడని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. వైద్యం ఒక అమానత్, తెలిసినవాడే దాన్ని ముట్టుకోవాలి అన్నది ఆ సమాజానికి పునాది. హకీమ్ అనే మాటనే చూడండి. జ్ఞానికీ వైద్యుడికీ ఉర్దూలో అదొక్కటే పేరు. మన అమ్మమ్మలు 'హకీమ్ సాబ్' అనేటప్పుడు రెండు అర్థాలూ కలిపే అనేవారు.

హైదరాబాదు నేర్పిన పాఠం

ఇదంతా బగ్దాదు కబుర్లు కదా, మనకెందుకని ఎవరైనా అనవచ్చు. హైదరాబాదునే తీసుకుందాం. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో హైదరాబాద్ వైద్య పాఠశాల ఆరంభమైంది. అక్కడ పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. 1880లలో ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ అధ్యక్షతన బోధన ఇంగ్లిషులోకి మారింది. ఆయన కాలంలోనే 1888లోనూ 1889లోనూ హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. మత్తుమందు భద్రత గురించి ప్రపంచమంతా ఈ నగరం వైపు చూసింది. మళ్ళీ ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన కోసం 1917లో ఫర్మానా వెలువడ్డాక, దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చే పని చేపట్టింది. వైద్యవిద్య కూడా ఉర్దూలో సాగింది. 1948 తర్వాత మళ్ళీ ఇంగ్లిషు వచ్చింది.

ఇంగ్లిషు వద్దని మేము అనడం లేదు. ఆ భాష లేనిదే నేటి వైద్యవిజ్ఞానం అందదు. కానీ ఒక నష్టం జరిగింది. జబ్బు గురించి డాక్టరు ఒక భాషలో ఆలోచిస్తాడు, రోగి మరో భాషలో బాధపడతాడు. మధ్యలో దుబాసీ పని ఎవరు చేస్తారు? వెంట వచ్చిన కొడుకో, మరిదో చేస్తాడు. అతను తనకు నచ్చినంత చెబుతాడు, నచ్చనిది మింగేస్తాడు. ఆపా విషయంలో మేము చేసింది అదే. రోగి భాషలో రోగితోనే నేరుగా మాట్లాడగల డాక్టరుకు మధ్యవర్తి అక్కరలేదు. గుండె దడ, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం, 'జీ ఘబ్రానా' అన్న మాటలకు అర్థం తెలియని డాక్టరు ఎన్ని పరీక్షలు రాస్తే ఏం లాభం?

సంతోషకరమైన విషయమేమంటే, ఈ లోటును అధికారులు కూడా గుర్తించారు. 2019లో చేరిన విద్యార్థుల నుంచి మన దేశంలో ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారింది. వైఖరి, నీతి, సంభాషణ అనే మూడు అంశాలను ఒక ప్రత్యేక భాగంగా చేర్చారు. చదువు ఆరంభంలోనే పునాది తరగతులు పెట్టి స్థానిక భాష నేర్పాలన్నారు. మా వీధి అబ్బాయి తండ్రి అనుకున్నట్టు, రోగితో మాట్లాడటం ఇప్పుడు 'అదేమన్నా చదువా' అనే విషయం కాదు, నిజంగానే చదువు.

ఒకే కొలత అందరికీ సరిపోతుందా?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. వైద్యనీతి అనగానే మన పిల్లలకు చెప్పేది పశ్చిమ దేశాల్లో రాసిన పత్రాలు. 2002లో అమెరికా, యూరపు వైద్యసంఘాలు కలిసి ఒక వైద్య ప్రకటన వెలువరించాయి. రోగి క్షేమమే ముందు, రోగి స్వనిర్ణయాధికారాన్ని గౌరవించాలి, సమాజంలో న్యాయం పాటించాలి అన్న మూడు సూత్రాలు అందులో ఉన్నాయి. మంచి సూత్రాలే. అయితే ఇవి అన్ని సంస్కృతులకూ ఒకే తీరుగా అతుకుతాయా అని తూర్పు దేశాల వైద్యాచార్యులు ప్రశ్నించారు. తైవాన్‌లో 2011లో ప్రచురించిన ఒక పరిశోధన, కన్ఫ్యూషియస్ సంప్రదాయం నేర్పిన మానవ సంబంధాలను పరిగణించి తమదైన నమూనా తయారుచేసుకుంది. జపాన్ వైద్యాచార్యులు 2014లో తమ యోధుల నీతి 'బుషిదో'లోని గుణాలతో వైద్యధర్మాన్ని పోల్చి చూశారు. అదే 2014లో అరబ్ దేశాల వైద్యవిద్యా నిపుణుల అభిప్రాయాలు సేకరించి 'నాలుగు ద్వారాల' నమూనా ఒకటి ప్రచురించారు. వైద్యుడు తనతో తాను, తన పనితో, ఇతరులతో, దేవుడితో ఎలా వ్యవహరించాలి అన్నవి ఆ నాలుగు ద్వారాలు.

నాలుగో ద్వారం మన పాఠకులకు వివరించనక్కరలేదు. పర్యవేక్షకుడు లేని అర్ధరాత్రి వార్డులో, ప్రశ్నించలేని అనాథ రోగి ముందు, ఎవరూ చూడని పరీక్షా ఫలితం రాసేటప్పుడు డాక్టరును నిలబెట్టేది ఏమిటి? తఖ్వా ఉన్నవాడు ఎవరూ లేరని అనుకోడు. ఇహ్‌తిసాబ్ అలవడినవాడు రాత్రి పడుకునే ముందు తన లెక్క తానే చూసుకుంటాడు. ఈ భాషలో చెబితే మన పిల్లవాడికి వృత్తిధర్మం పరాయి చట్టంగా కాక సొంత ఇంటి మాటగా వినిపిస్తుంది. హిందూ కుటుంబం నుంచి వచ్చిన సహవిద్యార్థికి తన సంప్రదాయంలో, క్రైస్తవ విద్యార్థినికి తన సంప్రదాయంలో అదే మాట దొరుకుతుంది. దేవుణ్ణి నమ్మనివాడికి మనస్సాక్షి ఉంది. దారులు వేరైనా చేరవలసింది రోగి మంచం దగ్గరికే.

ఈ మాట మరవడం వల్లనే ఒక్కోసారి వాదాలు దారి తప్పుతాయి. 2022లో మన దేశంలో వైద్య విద్యార్థుల చేత పాశ్చాత్య ప్రమాణానికి బదులు చరక శపథం చేయించాలన్న సూచన వచ్చింది. మదురై వైద్య కళాశాలలో ఆ ఏడాది అది పెద్ద వివాదమైంది. ఏ ప్రమాణం చదవాలని అందరూ వాదించుకున్నారు. చదివిన ప్రమాణం మర్నాడు వార్డులో ఏమవుతోందని అడిగినవాళ్ళు తక్కువ. 1948లో ప్రపంచ వైద్యసంఘం ఆమోదించి 2017లో సవరించిన జెనీవా ప్రకటన కూడా ఉంది. రోగి మతం, జాతి, పార్టీ, హోదా చూడబోనని డాక్టరు అందులో మాట ఇస్తాడు. ప్రమాణం గ్రీకుదైనా, సంస్కృతమైనా, అరబీ అయినా దాన్ని నిలబెట్టవలసింది మనిషే కదా!

సంస్కృతి సాకు కారాదు

అయితే ఒక హెచ్చరిక చేయకపోతే మేము మా ఆపాకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. సంస్కృతి నుంచి వైద్యనీతి బలం తీసుకోవాలి అన్నామంటే, సంస్కృతి పేరుతో నీతిని సడలించుకోమని కాదు. "మనలో రోగికి చెప్పే అలవాటు లేదండీ" అనే మాట మేము కూడా అన్నాం. ఆ అలవాటు మన ఒక్కరిదే అనుకున్నాం. కాదట! 1961లో అమెరికాలో డాక్టర్లను అడిగితే నూటికి దాదాపు తొంభై మంది కేన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే ప్రశ్న అడిగితే తొంభై ఏడు మంది చెబుతామన్నారు. జపాన్‌లో కూడా చాలాకాలం రోగిని దాటి కుటుంబానికే చెప్పే ఆచారం ఉండేది. అంటే అది మన రక్తంలో ఉన్నదీ కాదు, మన ధర్మంలో ఉన్నదీ కాదు. రోగి దుఃఖాన్ని చూడలేని మన బలహీనత అది. దానికి దయ అని పేరు పెట్టుకున్నాం.

షరీఅత్ ఏమంటుంది? ఇల్లాలి ఆస్తి ఇల్లాలిది. ఆమె సమ్మతి లేనిదే నికాహ్ లేదు. అప్పులు తీర్చడం, అమానతులు అందించడం, వసీయత్ చేయడం, మాఫీ కోరడం ఎవరి బాధ్యత వారిది. తన బాధ్యతలు తాను తీర్చుకోవడానికి మనిషికి తన స్థితి తెలియాలి. దాన్ని దాచి మనం ఆమె కష్టం తీర్చామా, హక్కు లాక్కున్నామా?

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఢిల్లీలో ఒక స్త్రీకి మత్తు ఇచ్చి లోపల పరీక్ష చేస్తుండగా, బయట ఉన్న ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు చెబుతూ, వయసొచ్చి స్పృహలోకి రాగల రోగి తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదన్నది. ప్రాణాపాయం లేనప్పుడు ఆమె లేచేదాకా ఆగి ఆమెనే అడగాలి. అయితే 2002 నాటి వైద్య నియమావళి చూడండి. ఆపరేషనుకు ముందు భర్త లేదా భార్య నుంచి, మైనరైతే తల్లిదండ్రుల నుంచి, లేదా రోగి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. రోగి పేరు చివరికి వచ్చింది! 2023 ఆగస్టులో కొత్త నియమావళి ప్రకటించి, అదే నెలలో నిలిపివేసి, పాతదాన్నే తిరిగి అమలులోకి తెచ్చారు. కాగితం మీద వరుస ఎప్పుడు మారినా, మన ఇళ్ళలో వరుసను మనం ఈ రోజే మార్చుకోవచ్చు.

వార్డులో రాయని పాఠం

ఇక కళాశాలల సంగతి. వైద్యవిద్య మీద పరిశోధన చేసినవాళ్ళు 1990ల నుంచి 'కనిపించని పాఠ్యప్రణాళిక' గురించి చెబుతున్నారు. పుస్తకంలో ఉన్నది ఒకటి, పెద్ద డాక్టరు వెనుక నడుస్తూ విద్యార్థి నేర్చేది మరొకటి. నీతి పాఠం ఉదయం తొమ్మిదికి చెబుతారు. పదిన్నరకు వార్డులో ప్రొఫెసరు రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలుస్తాడు. విద్యార్థికి రెండో పాఠమే గుర్తుంటుంది. తెర అడ్డం పెట్టకుండా పదిమంది ముందు స్త్రీ రోగిని పరీక్షిస్తే, పరదా విలువ తెలిసిన ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడు కూడా నెల రోజుల్లో అలవాటు పడిపోతాడు. తప్పు చేసిన జూనియరును అందరి ముందు తిడితే, అతను నేర్చుకునేది తప్పు చేయకుండా ఉండటం కాదు, తప్పు దాచడం.

ఇది మద్రసా ఉస్తాదులుగా మా అనుభవం కూడా. బెత్తం పట్టిన ఉస్తాదు దగ్గర పిల్లలు పాఠం వల్లెవేస్తారు, సందేహం మాత్రం అడగరు. అబూబక్ర్ అర్రాజీ గురించి ఇబ్న్ నదీమ్ రాసిన ఒక సంగతి మాకు చాలా ఇష్టం. రాజీ తన శిష్యులను వరుసలుగా కూర్చోబెట్టేవాడు. వచ్చిన రోగి ముందు చివరి వరుసవాళ్ళకు తన బాధ చెప్పుకునేవాడు. వాళ్ళకు తెలిస్తే సరే, లేకపోతే తర్వాతి వరుస. ఎవరికీ తెలియకపోతే చివరికి రాజీ మాట్లాడేవాడు. అంత గొప్పవాడు చివరికి మాట్లాడేవాడు! "నాకు తెలియదు" అనడం అక్కడ అవమానం కాదు, పద్ధతి. నేటి ఆసుపత్రుల్లో చిన్న డాక్టరు నోట ఆ మాట భయం లేకుండా వచ్చిన రోజున ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మన వంతు

వేలెత్తి చూపడం తేలిక. మన వంతు కూడా చూసుకుందాం.

ఇయాదత్ గొప్ప పుణ్యకార్యం, సున్నత్. కానీ ఒక రోగి చుట్టూ పదిహేను మంది చేరి, బిర్యానీ డబ్బాలు విప్పి, పక్క మంచం రోగిని నిద్రపోనివ్వకపోవడం ఇయాదత్ కాదు. తక్కువసేపు కూర్చుని, దుఆ చేసి, లేవడమే ఇయాదత్ మర్యాద. రోగి చనిపోగానే డాక్టరు మీద చేయి చేసుకోవడం మహాపాపం. నిజంగా నిర్లక్ష్యం జరిగితే ఫిర్యాదు చేయడానికి వైద్య మండలి ఉంది, వినియోగదారుల కోర్టు ఉంది. డాక్టరు భయపడితే రోగికి నిజం చెప్పడు. బంధువుల మూక ముందు నిలబడవలసిన డాక్టరు తన రక్షణ కోసమే మాట్లాడతాడు.

ఆడపిల్లల సంగతి మరొకటి. మన ఇంటి ఆడవాళ్ళకు లేడీ డాక్టరు కావాలంటాం. మన కూతురు డాక్టరయ్యాక, పెళ్ళి సంబంధం వచ్చిన రోజున, "ఇక ఉద్యోగం ఎందుకులెండి" అంటాం. అందరి కూతుళ్ళనూ ఇంట్లో కూర్చోబెడితే మన కోడలికి కాన్పు ఎవరు చేస్తారు? 1885లోనే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి మత్తుమందు వైద్యంలో ప్రపంచంలోని తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందింది. అప్పుడు సాధ్యమైనది ఇప్పుడు ఎందుకు కాదు?

ఇక ఆసుపత్రిలో మన ఆడవాళ్ళ వెంట ఉన్న మగవాళ్ళకు మా మనవి ఒక్కటే. డాక్టరు మీ వైపు తిరిగితే, "అమ్మతోనే చెప్పండి సార్, మేము పక్కన ఉంటాం" అనండి. ఆమె వినలేనంటే, మీరే వినమంటే, అది ఆమె నిర్ణయం. అప్పుడు మీరు వినండి. ముందు ఆమెను అడగండి. ఆమె అర్థం చేసుకోలేదని మీకు మీరే తేల్చేయకండి. డెబ్బై ఏళ్ళ బతుకులో కాన్పులు, కరువులు, చావులు చూసిన మనిషి, తన కడుపులో ఏముందో వినలేదా?

సీటు వచ్చిన ఆ అబ్బాయికి మేము చివరికి చెప్పింది ఇదే. బేటా, నీ చదువుకు ఐదున్నరేళ్ళు పడుతుంది. ఇప్పటి నుంచే మీ నానీ దగ్గర కూర్చుని, ఆమె మందులు ఏవేవి ఎందుకు వేసుకుంటుందో ఆమె భాషలోనే ఆమెకు చెప్పడం మొదలుపెట్టు. ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పు. ఆమె ప్రశ్న అడిగితే విసుక్కోకు. తెలియకపోతే, తెలుసుకుని వచ్చి చెబుతానను. అదే నీ మొదటి వార్డు. పెద్దవాడివై వరండాలో నిలబడ్డ మావంటి మగవాళ్ళు "ఆమెకు చెప్పకండి" అన్నప్పుడు, గట్టిగా కాక మర్యాదగానే, "ముందు ఆమెను అడుగుతాను చాచా" అను. అలా అనగలిగిన రోజున నీకు తర్బియత్ పూర్తయినట్టు.

తండ్రి ఈసారి నవ్వలేదు. మిఠాయి డబ్బా అక్కడే పెట్టి, "మా అమ్మకు మొన్న స్కానింగ్ చేయించాం మౌల్వీసాబ్, రిపోర్టు నా జేబులోనే ఉంది" అన్నాడు. "ఆమెకు చెప్పారా?" అని అడిగాం. జవాబు చెప్పలేదు. కొడుకు భుజం మీద చేయి వేసి ఇంటి వైపు నడిచాడు. చెబుతాడనే మా ఆశ.

రోగులందరికీ షిఫా, వైద్యులందరికీ అదబ్, మనందరికీ నిజం చెప్పే ధైర్యం అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.